వాళ్ళకు బువ్వ, మనకు ముద్ద

నాగక్క ముఖం కడుక్కుని వంటింట్లోకి వచ్చేసరికి ఆ పొద్దు కూడా పొయ్యి ఖాళీగా లేదు. ఒక పక్క పెనం మీద చపాతీ పొంగుతోంది. ఇంకో పక్క పెద్ద గిన్నెలో ఆలుగడ్డ కూర కుతకుతలాడుతోంది. కోడలు ఆశా కొంగు నడుముకు దోపుకుని, ఒక చేత్తో చపాతీ తిరగేస్తూ ఇంకో చేత్తో పిండి ఉండలు చేస్తోంది.

"నా ఇంట్లో నేను కాపీ పెట్టుకోవల్లంటే ఎవుర్ని అడగల్లమే? పొయ్యి కాడ గూడా క్యూలో నిలబడల్లనా?" అంది నాగక్క గుమ్మంలోనే నిలబడి.

"పెట్టేసినానత్తా. ఆ గూట్లో మూత పెట్టి ఉండాది సూడు."

కాఫీ వేడిగానే ఉంది. చక్కెర కూడా సరిపోయింది. నాగక్కకు అదే మరింత ఒళ్ళు మండించింది. తిట్టడానికి సందు ఇవ్వని కోడలితో వేగడం ఎంత కష్టమో అత్తగా బతికినవాళ్ళకే తెలుస్తుంది. లోటా పట్టుకుని విసవిసా వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూర్చుంది.

వాకిట్లో రేకుల పందిరి, దాని కింద పొడుగు బల్లలు. ఆ బల్లల ముందు సోలార్ ప్లాంటులో పనిచేసే మనుషులు వరుసగా కూర్చుని ఉన్నారు. పలకలు కడిగేవాళ్ళు, వైర్లు చూసేవాళ్ళు, పలకల కింద గడ్డి కోసేవాళ్ళు. ఒకడిది ఒరిస్సా, ఒకడిది రాజస్థాన్, ఇంకొకడిది బీహార్. నాగక్క లెక్కలో మాత్రం అందరిదీ ఒకటే ఊరు. అందరూ 'పైవాళ్ళే'. రెండేళ్ళ కింద ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి 'అక్కా, తినడానికి ఏమైనా దొరుకుతుందా' అని అడిగితే ఆశా జాలిపడి అన్నం పెట్టింది. ఆ ఇద్దరూ ఇంకో ఇద్దర్ని తెచ్చారు. చూస్తుండగానే అది మెస్సైంది, ఇంటికి ఆదరువైంది. నాగక్కకు మాత్రం ఇల్లు బస్టాండైంది.

ఆమె బాధ ఉత్త చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. ఊరి చుట్టూ ఇప్పుడు ఎటు చూసినా నల్లటి పలకలే. తల్లి తనకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన చేను కూడా ఆ పలకల కిందే ఉంది. లీజు అందుతోంది, తిండికి లోటు లేదు. కానీ చెనక్కాయ విత్తి, కలుపు తీసి, కాయ పీకి ముదిరిన చేతులు అవి. పొద్దున లేస్తే ఎటు పోవాలో తెలియక వంటింటి చుట్టూ తిరిగాయి. తీరా ఆ వంటిల్లు కూడా చేజారిపోయింది.

భర్త బోరన్నకు మాత్రం ఈ పంచాయితీలేవీ పట్టవు. గొర్రెలమ్మేసిన నాటి నుంచి ఆయనకు ఆ బల్లలే లోకం. భన్వర్ అనే రాజస్థాన్ కుర్రాడి పక్కన కూర్చుని హిందీ నేర్చుకుంటున్నాడు.

"గొర్రెను ఏమంటారన్నావు?"

"భేడ్, తాతా."

"భేడ్! ఇంటివా నాగీ, భేడంట. మన గొర్రె ఆడికి పోతే పేరు మారిపోతాదే!"

"నువ్వు గూడా పోరాదా ఆ భేడ్ల యెంట," అంది నాగక్క. బిజయ్ అనే ఒరిస్సా కుర్రాడికి నవ్వొచ్చి పొలమారింది. వాడికి తెలుగు బాగానే అర్థమవుతుంది. వాళ్ళ కోరాపుట్ ఆంధ్రా సరిహద్దుకు దగ్గరట.

ఇంతలో కొడుకు ఓబులేష్ బండి దిగి వచ్చాడు. ప్లాంటులో జీపు తోలుతాడు. ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, ఆగస్టు పదైదుకు ప్లాంటులో జెండా ఎవురు ఎగరేస్తారో చెప్పు సూద్దాం!"

"ఎవురో ఒక సార్ ఎగరేస్తాడు. నాకేంది?"

"నువ్వేమ్మా! నువ్వే ఎగరేసేది! ఈసారి భూమి ఇచ్చినోళ్ళలో పెద్దోళ్ళ చేత ఎగరేయించల్లని మేనేజర్ రంగనాథ సార్ చెప్పినాడు. రెండు మాటలు గూడా మాట్లాడల్లంట. ఇంగొకటి, ఆ పొద్దు ప్లాంటు మొత్తానికి మజ్జాన్నం భోజనం మన మెస్ నుంచే!"

లోపల చపాతీ కర్ర ఆగింది. ఆశా పరుగున గుమ్మంలోకి వచ్చింది. బల్లల దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. బోరన్న లేచి నిలబడి భార్యకు సెల్యూట్ కొట్టాడు. నాగక్కకు లోలోపల గుండె పొంగింది. జెండా అంటే బళ్ళో పిల్లలు పట్టుకుపోతుంటే గుడిసె గుమ్మంలో నిలబడి చూడటమే తప్ప దాని తాడు ముట్టుకున్న మనిషి కాదామె. కానీ పొంగిందని ఒప్పుకుంటే ఆమె నాగక్క ఎందుకవుతుంది?

లోటా కింద పెట్టి తాపీగా అంది. "ఎగరేస్తా. కానీ ఒక మాట. ఆ పొద్దుతో ఈ మెస్ నా వాకిలి దాటిపోవల్ల."

చప్పట్లు ఆగిపోయాయి. ఆశా లోపలికి పోయింది. పెనం మీద చపాతీ అప్పటికే మాడింది.

*

ఆ వారమంతా ఇంట్లో రెండు రకాల వాతావరణం నడిచింది. ఒక పక్క పండుగ సందడి. మనవరాలు వర్షిణి పావగడలో పీయూసీ, అంటే ఇంటర్, చదువుతోంది. అవ్వకు కన్నడంలో ఉపన్యాసం రాసింది. నాగక్క కట్టెలు ఏరుతూ, చాట చెరుగుతూ 'గౌరవాన్విత అతిథిగళే' అని వల్లె వేస్తుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి వింటున్నారు.

"తెలుగులో మాట్లాడితే ఏమైతాది పాపా?" అన్నాడు బోరన్న.

"కర్ణాటకలో ఉండాం కదా తాతా. పెద్ద సార్లు వస్తాండారు. కన్నడమే బాగుంటాది."

"అదీ నిజమే. మన సంగతే ఒక యవ్వారం. మన జిల్లా ఆఫీసుకు పోవల్లంటే బస్సు ఆంధ్రాలో దూరి మళ్ళా కర్ణాటకలో తేలల్ల. తుమకూరులో మనల్ని తెలుగోళ్ళంటారు, అనంతపురంలో పెండ్లికి పోతే కన్నడోళ్ళంటారు. మీ అవ్వేమో మిగిలినోళ్ళందర్నీ పైవాళ్ళంటాది." బోరన్న తన మాటకు తనే పకపకా నవ్వుకున్నాడు. నాగక్క చాట ఎత్తింది. ఆయన లేచి పందిరి కిందికి తప్పుకున్నాడు.

ఇంకో పక్క అత్తాకోడళ్ళ మధ్య మాట కరువైంది. ఉప్పు కావాలంటే వర్షిణితో, పాలు వచ్చాయా అంటే ఓబులేష్‌తో. ఇంటి మధ్యలో ఉండి ఇద్దరికీ మాటలు మోసి మోసి ఓబులేష్ చిక్కిపోయాడు. పదమూడో తారీకు మధ్యాహ్నం ఆ మౌనం కూడా తెగింది. ఆశా చేతులు తుడుచుకుంటూ వచ్చి, బియ్యం చెరుగుతున్న అత్త ముందు నిలబడింది.

"ప్లాంటు గేటు కాడ సోమప్ప షెడ్డు ఖాళీగా ఉండాదంట అత్తా. మెస్ ఆడికి మారుస్తాను."

"మార్చు. ఎవురొద్దన్నారు?"

"మెస్ ఆడుంటే తెల్లార్జామున ఈడనుంచి పోయి వండలేను. మేమూ ఆడికే పోతాం. ఎనక ఒక రూము ఉండాది."

నాగక్క చెయ్యి చాటలోనే ఆగిపోయింది. మెస్ పొమ్మంది కానీ, మెస్‌తో పాటు కొడుకూ మనవరాలూ పోతారన్న ఆలోచన ఆమెకు రానే లేదు. భయమేసింది. నాగక్కకు భయమేసిందంటే నోరు ఇంకా పెద్దదవుతుంది.

"అంటే ఏరు పడతావు? పైవాళ్ళ కోసం ఇల్లు ఇడుస్తావు? దేశంలో ఉండే వాళ్ళందర్నీ తెచ్చి నా పొయ్యి కాడ కూర్చోబెట్టినావు. ఇప్పుడు నా కొడుకును గూడా తీసకపోతావా? ఆంధ్రా పిల్లను చేసుకోవద్దని మా అన్న ఆ పొద్దే చెప్పినాడు!"

ఆశా ముఖం ఎర్రబడింది. ఆమె పుట్టిల్లు మడకశిర దగ్గర పల్లె. పొద్దున బయల్దేరితే సద్ది తినే వేళకు చేరే దూరం. మాటా అదే, దేవుడూ అదే, పండే పంటా అదే. మధ్యలో ఉన్నదల్లా రోడ్డు పక్కన ఒక రాష్ట్రపు బోర్డు.

"నా కూతురు పెండ్లీడుకొస్తాండాది అత్తా. ఇంగా నేను ఆంధ్రా పిల్లనేనా?" ఆశా కళ్ళు దించలేదు. "వాళ్ళు పైవాళ్ళని నువ్వంటావు. నేను వాళ్ళను చూస్తే నాకు నేనే కనపడతా. ఊరుగాని ఊర్లో ఎవురో ఒకరు పిలిచి ఇంత బువ్వ పెడితే ఎట్లుంటాదో నాకు తెలుసు. అందుకే పెడతాండా."

ఆమె గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. నాగక్క చాటలో బియ్యం చెరుగుతూనే ఉంది. అప్పటికే శుభ్రమైన బియ్యం అవి.

*

పద్నాలుగో తారీకు పొద్దున్నే ఆశా, ఓబులేష్ మరుసటి రోజు వంటకు సరుకులు తేవడానికి ఆటో మాట్లాడుకుని పావగడ వెళ్ళారు. రంగనాథ సార్ కోసం పూరీలు, ఉత్తరాది వాళ్ళ కోసం పులావు, పనీరు కూర అని ఆశా తెగ ఆలోచించి పెట్టుకుంది. మధ్యాహ్నానికల్లా వచ్చి మెస్ వాళ్ళకు అన్నం వండుతానంది. కానీ పదకొండు కొట్టేసరికి ఆకాశం చిల్లు పడినట్లు వాన మొదలైంది. ఆ నేల మీద ఆగస్టులో అంత వాన కురిస్తే ఎవరికైనా సంబరమే. బోరన్నయితే పందిరి కింద నిలబడి చెయ్యి చాపి చినుకులు పట్టుకున్నాడు. ఇంతలో ఓబులేష్ ఫోన్ చేశాడు. వంక పొంగి రోడ్డు మీదికి వచ్చిందట, నీళ్ళు తగ్గేదాకా ఆటో కదలదట.

వాన కాస్త తెరిపిచ్చేసరికి వాకిట్లో మెస్ మనుషులు అరడజను మంది తడిసి ముద్దై నిలబడి ఉన్నారు.

"అజ్జీ, దీదీ లేదా?" అన్నాడు బిజయ్. ఆశా వాళ్ళకు దీదీ, నాగక్క అజ్జి.

"లేదు. ఉండండి, బువ్వ పెడతా," అంది నాగక్క విసుగ్గానే. ఆకలితో గుమ్మంలో నిలబడిన మనిషిని పొమ్మనే కఠినత్వం మాత్రం ఆమెలో లేదు. బియ్యం కడిగి పొయ్యి వెలిగించింది. మంట ఒకసారి నీలంగా లేచి ఆరిపోయింది. గ్యాస్ అయిపోయింది. ఖాళీగా ఉన్న ఇంకో సిలిండర్‌ను మార్చి తెస్తానని ఓబులేష్ ఆటోలో వేసుకుపోయాడు. పెరట్లో కట్టెల పొయ్యి సగానికి నీళ్ళు నిండి ఉంది.

ఇక ఇంట్లో ఉన్నది ఒక్కటే. గ్యాస్ అయిపోక ముందు తమకోసం చేసుకున్న రాగి ముద్దలు, ఉలవల చారు, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి.

నాగక్క తల పట్టుకుంది. ఆ ఇంట్లో, ఆ మాటకొస్తే ఆ పల్లెల్లో ఏ ఇంట్లోనైనా, చుట్టానికి పెట్టేది బువ్వ. ముద్ద ఇంటివాళ్ళ తిండి. సొంత అన్న వచ్చినా సరే, వరి బియ్యం లేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చి వండాల్సిందే. వచ్చిన మనిషి కంచంలో ముద్ద వేస్తే ఇంటి పరువు గంగలో కలిసినట్లే. అందుకే రెండేళ్ళుగా మెస్ వాళ్ళు బల్లల ముందు కూర్చుని బువ్వ, చపాతీలు తింటుంటే, ఇంటివాళ్ళు లోపల తలుపు చాటున ముద్దలు తిన్నారు.

"ఏం నాగీ, ఇంత సేపు? బిడ్డలు వణుకుతాండారు," అంటూ బోరన్న లోపలికి వచ్చాడు. ముద్దల గిన్నె చూశాడు. "ఇదుండాది కదా!"

"సిగ్గు లేదా నీకు? పైవాళ్ళ కంచంలో ముద్ద ఎట్లేస్తాం?"

బోరన్న ఆ మాట పూర్తిగా వింటే కదా! గిన్నె చంకన పెట్టుకుని వాకిట్లోకి నడిచాడు. "రాండప్పా, రాండి! ఈ పొద్దు బువ్వ లేదు, ముద్ద ఉండాది. మింగల్ల, నమలగూడదు!"

ఎవరూ కదల్లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాగక్కకు అవమానంతో చెవులు వేడెక్కాయి. చూశావా, ముఖం తిప్పుకుంటున్నారు అనుకుంది. అప్పుడు బిజయ్ ఒక అడుగు ముందుకు వేసి, గిన్నెను కాకుండా ఆమెను చూస్తూ మెల్లగా అడిగాడు.

"అది ఇంటోళ్ళది కదా అజ్జీ. మేం తినొచ్చా?"

"ఏంది?"

"రెండేళ్ళయింది. రోజూ లోపల మీరు తింటారు. వాసన వస్తుంది. మా ఊర్లో గూడా ఇదే అజ్జీ, రాగులు. మేం మాండియా అంటాం. మా అమ్మ పొద్దున్నే పెద్ద కుండలో జావ కాస్తుంది. ఇక్కడ మాకు ఎప్పుడూ పెట్టలేదు. అది మీ మనుషులకే పెడతారు, బయటివాళ్ళకు పెట్టరు అనుకున్నాం. అడగడానికి భయం."

నాగక్కకు నోట మాట రాకపోవడం బోరన్న తన కాపురంలో అదే మొదటిసారి చూశాడు.

"రాగులు మీ కాడ గూడా పండుతాయా?" అంది చివరికి.

"కొండల మీదంతా అదే!"

"మాకు బాజ్రా, అజ్జీ," అన్నాడు భన్వర్. "సజ్జ రొట్టె. అదీ ఇట్లాంటిదే, వాన లేని చోట పండేది."

"మరి చపాతీలు? దినమ్మూ ఆ పిల్ల చేతులు కాల్చుకుని చేస్తాండాదే!"

బిజయ్ తల గోక్కున్నాడు. "దీదీ కష్టపడుతుందని తింటాను అజ్జీ. మా ఇంట్లో చపాతీ జ్వరం వస్తేనే తింటాం."

బోరన్న పగలబడి నవ్వాడు. భన్వర్ బిజయ్ వీపు మీద ఒక్కటి చరిచాడు. నాగక్కకు కూడా నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను మర్యాద చేస్తున్నాననుకుంది. ఆ మర్యాదే గోడలా నిలబడి ఈ బిడ్డల్ని రెండేళ్ళు గుమ్మం బయట ఉంచింది. కొండల మీద ఎక్కడో ఒక తల్లి తనలాగే పొద్దున్నే లేచి కుండలో రాగిపిండి కలుపుతోంది. ఆమె కొడుకు తన వాకిట్లో కూర్చుని, ఆ వాసన పీలుస్తూ, జ్వరం తిండి తింటున్నాడు.

ఉన్న ముద్దల్ని చిన్న ముద్దలుగా మళ్ళీ చుట్టి అందరి కంచాల్లో వేసింది. చారు పోసింది. తనకూ బోరన్నకూ మజ్జిగ చాలనుకుంది. బిజయ్ మొదటి ముక్క చారులో ముంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నాగక్క గరిటె పట్టుకుని అక్కడే నిలబడి వాళ్ళు తినడం చూస్తూ ఉండగా, ఉన్నట్టుండి ఆమెకు ఇంకో కంచం గుర్తొచ్చింది.

కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆశాకు కూడా బువ్వే పెట్టారు. పద్ధతి అది. కొన్నాళ్ళకు అత్త తన చేత్తో కోడలి కంచంలో ముద్ద వేస్తుంది, ఆ రోజు నుంచి ఆమె ఇంటి మనిషి. తన అత్త తనకలాగే వేసింది. మరి ఆశాకు తనెప్పుడు వేసింది? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చేనులో పనుల తొందరలో ఒక రోజు బియ్యం నిండుకుంటే, ఆ పిల్లే గిన్నె మూత తీసి తన ముద్ద తను తీసుకుంది. ఇప్పటికీ తీసుకుంటూనే ఉంది.

*

చీకటి పడే వేళకు ఆటో వచ్చింది. ఆశా కంగారుగా దిగి, "తిన్నారా వాళ్ళు? ఎవురు వండినారు?" అంటూ పరుగున వచ్చేసరికి అత్త గోనెపట్ట మీద రాగిపిండి గుట్టగా పోసి జల్లెడ పడుతోంది. పక్కింటి నరసక్క కూడా జల్లెడ పట్టుకుని కూర్చుంది.

"పనీరు గినీరు ఏమీ వద్దు," అంది నాగక్క తలెత్తకుండా. "రేపు అందరికీ ముద్దే."

"ప్లాంటు సార్లు వస్తారత్తా! వాళ్ళకు ముద్ద పెడితే ఏమనుకుంటారు?"

ఓబులేష్ హడలిపోయి రంగనాథ సార్‌కు ఫోన్ చేశాడు. చాలాసేపు 'సార్... అది సార్...' అని నసిగి అసలు సంగతి చెప్పాడు. ఫోన్‌లోంచి పెద్ద కేక వినిపించింది. ఓబులేష్ ముఖం పాలిపోయి, అంతలోనే విప్పారింది.

"సార్‌ది హాసన్ పక్క పల్లె అంట! ముద్ద లేకపోతే ఆయనకు తిన్నట్టే ఉండదంట. మనింటికి ఎన్నిసార్లు వచ్చినా పూరీలే పెట్టి పంపించినామని తిడతాండాడు!"

వర్షిణి పడీ పడీ నవ్వింది. ఆశా కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. కొంగు దోపుకుని అత్త ఎదురుగా కూర్చుని ఇంకో జల్లెడ అందుకుంది. ఇద్దరూ ఉప్పు గురించీ, ఉలవల గురించీ, ఎవరింట్లో పెద్ద కొప్పెర దొరుకుతుందన్న దాని గురించీ నేరుగా మాట్లాడుకున్నారు. సోమప్ప షెడ్డు సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. నాగక్కకు అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఒకవేళ ఆశా 'పోతాను' అంటే ఏం చేయాలో తెలియక ఊరుకుంది.

*

పదిహేనో తారీకు వాన వెలిసి ఆకాశం కడిగినట్లుంది. పలకలు కూడా కడిగినట్లున్నాయి. ఆ రోజు వాటిని వాన కడిగింది కాబట్టి కడిగేవాళ్ళందరూ ఇస్త్రీ చొక్కాలేసుకుని వరుసగా నిలబడ్డారు. నాగక్క పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ పట్టంచు చీర కట్టుకుంది. జెండా కట్టె దగ్గరికి నడిచింది. ఆమె నిలబడిన చోటు తన చేనుకు ఈశాన్యపు మూల. ఎక్కడైతే ప్రతి ఏడూ విత్తనం వేసే ముందు కర్పూరం వెలిగించేదో అక్కడే.

రంగనాథ సార్ తాడు చేతికిచ్చాడు. ఆమె లాగింది. పైన ముడి విడిపోయి పూలరేకులు రాలాయి, కొన్ని ఆమె నెత్తి మీద పడ్డాయి. జెండా గాలికి ఒక్కసారి విచ్చుకుంది. అందరూ జాతీయ గీతం అందుకున్నారు. బిజయ్ ఒక రకంగా పలుకుతున్నాడు, భన్వర్ ఇంకో రకంగా, వర్షిణి మరో రకంగా. బోరన్న పలికింది ఏ రకమో ఎవరూ చెప్పలేరు. అన్నీ కలిసి ఒక పాటయ్యాయి. ఇది నాది, నా వాళ్ళది అన్న గర్వం నాగక్కకు మొదటిసారి కలిగింది.

మైకు ముందు నిలబెట్టారు. "గౌరవాన్విత అతిథిగళే..." అని మొదలుపెట్టింది. అంతే. వారమంతా వల్లె వేసిన కన్నడం ఒక్క ముక్క కూడా మిగలకుండా ఎగిరిపోయింది. వర్షిణి ముందు వరుసలోంచి పెదవులు కదుపుతోంది. నాగక్క అటు చూడలేదు.

"ఈ నేల మా అమ్మ నాకు ఇచ్చింది," అంది తెలుగులోనే. "ముందు ఈడ చెనక్కాయ పండేది. ఇప్పుడు కరెంటు పండుతాండాది. అది యాడికి పోతాదిరా అంటే, దేశమంతా పోతాదమ్మా అన్నాడు నా కొడుకు. దేశమంటే యాడనో దూరంగా ఉండాదేమో అనుకుంటి. నిన్న తడిసిపోయి వచ్చి, నా వాకిట్లో కూర్చుని ముద్ద తినింది. కడుపు నిండా తినింది. ఇంగేం చెప్పల్ల? ముద్ద సల్లారితే గట్టిపడతాది. అందరూ బిరీన రాండి!"

ముందుగా రంగనాథ సార్ రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. భన్వర్ ఈల వేశాడు. తెలుగు రానివాళ్ళు కూడా 'ముద్ద' అన్న మాట పట్టుకుని నాగక్క వాకిట్లోని పందిరి వైపు నడిచారు.

ఆ భోజనం ఊళ్ళో చాలా రోజులు చెప్పుకున్నారు. నరసక్కా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ పెద్ద కొప్పెరలో కట్టె తిప్పుతుంటే, నాగక్క చేతులకు నీళ్ళు తడుపుకుంటూ ముద్దలు చుట్టి పారేసింది. కొత్తగా వచ్చిన ఒక ఇంజనీరు ముద్దను చపాతీలా నమలబోయి పళ్ళకు అంటించుకుంటే బోరన్న పక్కన కూర్చుని మింగడం నేర్పించాడు. రంగనాథ సార్ మూడో ముద్ద అడగడానికి మొహమాటపడుతుంటే ఆయన కంచంలో అడక్కుండానే పడింది.

అందరివీ అయ్యాక నాగక్క కొప్పెరలో మిగిలిన దాన్ని చుట్టింది. ఆశా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"ఏయ్, కూర్చో," అంది నాగక్క.

"నేను తీసుకుంటాలే అత్తా. నువ్వు తిను ముందు."

"కూర్చోమంటాండానా లేదా?"

ఆశా విస్తుపోయి కూర్చుంది. నాగక్క ఆమె ముందు కంచం పెట్టి, తన చేత్తో వేడి వేడి ముద్ద వేసి, మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోసింది. సరిగ్గా అప్పుడే షెడ్డు యజమాని సోమప్ప చెయ్యి కడుక్కుని అటుగా వచ్చాడు.

"ఏం ఆశమ్మా, షెడ్డు సున్నం కొట్టించి పెట్టినా. ఎప్పుడొస్తావు?"

ఆశా అత్త వైపు చూసింది. నోరు తెరవబోయింది. నాగక్క ఆమెను మాట్లాడనివ్వలేదు.

"యాడికి రావల్లప్పా అది?" అంది. "దాని ఇల్లు ఈడుంటే!"

సోమప్ప ఇద్దరి ముఖాలూ చూసి, ఏమనుకున్నాడో ఏమో, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆశా తల వంచుకుంది. ముద్ద ముక్క తుంచింది కానీ నోటి దాకా పోలేదు. కన్నీళ్ళు బొటబొటా కంచంలో రాలాయి.

"చారులో ఉప్పు తక్కువైందా, నువ్వేస్తాండావు?" అంది నాగక్క. "తిను తల్లీ. సాయంత్రం బిడ్డలొచ్చేసరికి వాళ్ళకేం వండల్లనో ఇద్దరం కూర్చుని ఆలోచన చేయల్ల."